ముందు నత్తలు పోయాయి

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముందు నత్తలు పోయాయి. నత్తలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. అద్దానికి కరుచుకుని పాచి తింటూ తిరిగేవి కాస్తా ఒక్కొక్కటే జారి అడుగున ఇసుకలో పడ్డాయి. తరవాత ఎర్రచారల రొయ్య పోయింది. ఆ తరవాత పసుపు చేప. అది ఒక పక్కకు ఒరిగిపోయి నీటిమీద తేలిన పొద్దున మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు.

చూశారంటే వింతేమీ లేదు. ఆ ఇంట్లో కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నే.

మా ఆయనకు నేను రెండో భార్యను. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. మొదటి భార్య బడిలో ఆటల టీచరుగా చేసేది, జబ్బు చేసి పోయింది. ముందుగదిలో గోడ పొడవునా ఉన్న ఆ అక్వేరియం ఆమె పెట్టిందే. మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్ళది. అందులో ఉండేవన్నీ సముద్రపు ప్రాణులు. నీళ్ళలో ఉప్పు కొలిచి కలపాలి, వేడి పెరగకుండా చూడాలి, మోటారు ఒక్క పూట ఆగినా కంగారు పడాలి. పసిపిల్లకు చేసినంత చాకిరీ. ఆమె పోయాక ఆ చాకిరీ అంతా కూతురు చేస్తోంది. అప్పుడే కాలేజీలో చేరిన పిల్ల.

ఆ పిల్లకు నామీద కోపం ఉన్నట్టు ఎప్పుడూ కనబడలేదు. కోపం ఉన్నా బాగుండేది. నేను గదిలోకి వస్తే ఫోను చూసుకుంటూ మెల్లగా లేచి వెళ్ళిపోయేది, అంతే. పసుపు చేప పోయిన రోజున మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసి అడిగింది.

“నీళ్ళలో చెయ్యి పెట్టారా?”

లేదన్నాను. నిజంగానే లేదు. కానీ నా చేతులు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నేను బ్యూటీ పార్లర్‌లో జుట్టుకు రంగులు వేస్తాను. ఎంత గ్లవుజులు వేసుకున్నా గోళ్ళ అంచుల్లో ఏదో ఒక రంగు మిగులుతుంది, ఎంత సబ్బుతో రుద్దినా ఏదో ఒక మందు వాసన వస్తుంది. ఆ పిల్ల నా వేళ్ళవంక చూసి ఊరుకుంది.

ఊరుకోనిది మా వదిన. మా ఆయన అక్క. పక్క వీధిలోనే ఉంటుంది. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. మా ఆయన చాటుగా ఆవిణ్ణి ఇన్‌స్పెక్టర్ అనేవాడు, ఎదురుగా ఉంటే మాత్రం గొంతు పెగిలేది కాదు. ఆవిడ చేప పోయిన సంగతి విని వచ్చి, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, టీ తాగుతూ ఎవరితోనూ కానట్టుగా మాట్లాడింది. ఇన్నేళ్ళుగా ఏ రోగం రాని చేపలట. ఇంట్లో కొత్తగా వచ్చిందేమిటో చూసుకుంటే సరిపోతుందట. “మందులు, మాకులు అంటున్నానమ్మా, నిన్ననడం లేదు,” అని చివర్లో నా భుజం తట్టింది.

మా ఆయన సీసాలో నీళ్ళు పట్టుకుని చేపల షాపుకు వెళ్ళాడు. ఆ షాపాయన ఏ ప్రశ్నకూ తెలియదని చెప్పే మనిషి కాదు. మొదట ఉప్పు ఎక్కువైందన్నాడు. రెండోసారి వెళితే ఎండలకు నీళ్ళు వేడెక్కాయన్నాడు. మూడోసారి గదిలో దోమల మందు కొడుతున్నారేమో అడగమన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ ఒక కొత్త సీసా అంటగట్టి పంపాడు. తొట్టి పైన చిన్న ఫ్యాను బిగించాం. దోమల మందు మానేసి దోమల చేత కుట్టించుకున్నాం. నేను పార్లర్ నుంచి రాగానే స్నానం చేసేదాకా ముందుగదిలో అడుగు పెట్టడం మానేశాను. సగం నీళ్ళు తీసేసి కొత్తవి పోశాం.

కొత్త నీళ్ళు పోసిన వారం అంతా బాగుండేది. మిగిలిన చేపలు మళ్ళీ మేత అందుకునేవి. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ ఒకటి మూలకు చేరి ఎగశ్వాస తీసేది. నీలం చేప అలాగే పోయింది. జంట చేపల్లో ఆడది అలాగే పోయింది.

బాగైన నీళ్ళు వాటంతట అవే మళ్ళీ ఎలా పాడవుతాయి? ఈ ప్రశ్న ముందు వదిన నోట్లోంచి వచ్చింది, తరవాత అందరి కళ్ళలోకీ వచ్చింది. ఎవరో చేస్తున్నారు. మేము నలుగురం ఆ గదిలో కూర్చుంటే ఒకరి చేతులు ఒకరు గమనించుకునే స్థితికి వచ్చాం.

నాకూ అనుమానాలు లేకపోలేదు. నా అనుమానం వదిన మీద. మేమంతా బయటికి వెళ్ళాక తాళం తీసుకుని వచ్చేది, ఇల్లు తుడిచిపెట్టేది, వద్దంటే వినేది కాదు. ఫినాయిల్ గుడ్డ తొట్టి పక్క గట్టుమీదే ఆరేసేది. పోసేది కావాలని కాకపోయినా, ఆ చేతులతో ఏం చేస్తోందో ఎవరికి తెలుసు? అడిగే ధైర్యం లేదు. అందుకని ఒక పని చేశాను. పొద్దున పిల్ల మేత వేశాక, తొట్టి మూతకూ అంచుకూ అడ్డంగా ఒక పొడుగాటి వెంట్రుక తడిచేత్తో అంటించి పనికి వెళ్ళాను. మేత వెయ్యడానికి మూతలో చిన్న కంత ఉంది. అసలు మూత ఎత్తితే తప్ప వెంట్రుక తెగదు.

సాయంత్రం వచ్చి చూస్తే తెగి ఉంది. మరో రోజు అంటించాను. మళ్ళీ తెగింది. దొరికిపోయింది వదిన అనుకున్నాను. అంతలో ఆవిడ అత్తగారికి ఒంట్లో బాగాలేదని వేరే ఊరు వెళ్ళింది. ఆవిడ ఊళ్ళో లేని ఆ రోజుల్లో కూడా వెంట్రుక తెగుతూనే ఉంది.

మా ఆయన పొద్దున పోతే చీకటి పడేవేళకు గాని రాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేది పిల్ల ఒక్కతే. ఆమె తొట్టి, ఆమె మూత తీస్తే తప్పేమిటి? ఆ మాటే అనుకుని మామూలుగా అడిగాను, మధ్యాహ్నం మూత తీశావా అని.

“లేదు. నేనెందుకు తీస్తాను?” అంది.

అబద్ధం. మొహం కూడా మార్చకుండా చెప్పింది. అప్పటినుంచి ఆ పిల్లను చూస్తే నాకు భయం వేసేది. నన్ను ఇంట్లోంచి పంపెయ్యడానికి తల్లి పెంచిన చేపల్ని చేజేతులా చంపుతుందా? అలా అనుకున్నందుకు సిగ్గేసేది. అనుకోకుండా ఉండలేకపోయేదాన్ని.

రాగి సంగతి నాకు తట్టింది పార్లర్‌లో. ఈత నేర్పే ఒకావిడ నా దగ్గర జుట్టు బ్లీచ్ చేయించుకుని తేనెరంగు వేయించుకుంది. నెల తిరక్కుండా లేత ఆకుపచ్చ జుట్టుతో వచ్చి నామీద ఎగిరింది. మా పనిలో ఇది పాత తలనొప్పే. ఈతకొలనులో పాచి పట్టకుండా పోసే మందులో రాగి ఉంటుంది. బ్లీచ్ చేసిన జుట్టు దాన్ని దూదిలా పీల్చుకుని పచ్చబడుతుంది. ఆవిడ తల కడుగుతూ, పచ్చటి నురగ చూస్తూ, నేను తొట్టి గురించే ఆలోచించాను.

రంగులు చూపించడానికి మా దగ్గర బ్లీచ్ చేసిన జుట్టు పాయలు ఉంటాయి. రెండు పాయలు ఇంటికి తెచ్చాను. ఒకటి తొట్టి నీళ్ళున్న గాజు సీసాలో వేశాను. ఇంకొకటి అప్పుడే ఉప్పు కలిపిన కొత్త నీళ్ళలో వేశాను. వంటింట్లో పై అరలో మూడో కంటికి తెలియకుండా దాచాను. కొన్నాళ్ళకు తీసి కిటికీ వెలుతురులో పక్కపక్కన పట్టుకున్నాను. కొత్త నీళ్ళలోది గడ్డిరంగులోనే ఉంది. తొట్టి నీళ్ళలోది పచ్చబడింది.

అదే రోజు మా ఆయనకు చూపించాను. ఎంత సంబరంగా చూపించానో ఇప్పటికీ గుర్తుంది. ఆయన సీసా పట్టుకుని షాపుకు పరిగెత్తాడు. షాపాయన ఈసారి రాగి ఉందేమో పరీక్ష చేశాడు. ఉంది, బాగానే ఉంది. నత్తలకూ రొయ్యలకూ రాగి కొంచెం తగిలినా విషమేనట, అందుకే అవి ముందు పోయాయట. చేపలకు పురుగు పడితే వేసే మందొకటి రాగిదే ఉంటుంది, అది ఎవరో పోస్తున్నారన్నాడు. పొయ్యకుండా రాగి ఎక్కణ్ణించి వస్తుందన్నాడు.

ఆయన ఆ మాట మోసుకొచ్చాడు. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. గుమ్మంలో తల ఒక పక్కకు వంచి నిలబడ్డాడు. లిఫ్టు పాడైందని పిలిస్తే ముందు చెవి ఆనించి వింటాడట ఆయన, శబ్దాన్నిబట్టి లోపల ఏం విరిగిందో చెప్పగలడట. నన్ను కూడా అలాగే వింటున్నాడనిపించింది.

“రాగి అని నీకెలా తెలిసింది?”

చెప్పాను కదా అన్నాను. జుట్టు సంగతి మళ్ళీ చెప్పాను.

“అది సరే. నిజం చెప్పు, నేనేమీ అనను. పొరపాటున ఏమైనా… ఒకవేళ కావాలనే అయినా సరే. ఆ తొట్టి చూస్తే నీకెలా ఉంటుందో నాకు తెలుసు.”

చేతిలో గిన్నె తుడవడం పూర్తిచేసి బోర్లించాను. ఆయన గొంతులో కోపం లేదు. జాలి ఉంది. అందుకే నాకు ఏడుపు కూడా రాలేదు. ఆదివారం తొట్టి మొత్తం విప్పుదామన్నాను. ప్రతి రాయీ, ప్రతి గొట్టం బయటపెట్టి చూద్దాం, ఏమీ దొరక్కపోతే నేను మా అక్కవాళ్ళింటికి వెళ్తానన్నాను. ఎన్నాళ్ళకు అని ఆయన అడగలేదు. ఆ రాత్రే పెట్టె సర్దుకున్నాను.

ఆదివారం పొద్దునే ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని ఫోను వస్తే ఆయన వెళ్ళిపోయాడు. నేను ఆగలేదు. తొట్టిలో అప్పటికి మిగిలింది ఒకే చేప, జంటలో మగది, నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలది. దాన్ని ఇంట్లో అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. దాన్ని వలతో పట్టి కొత్త నీళ్ళ బకెట్టులో వదిలి, గాలి గొట్టం పెట్టాను. మోటారు, హీటరు, గొట్టాలు ఒక్కొక్కటే విప్పాను. అన్నీ ప్లాస్టిక్కు, గాజు. పచ్చ మచ్చ ఎక్కడా లేదు. ఇక రాళ్ళు తీయడం మొదలుపెట్టాను. పిల్ల తన గది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మూలనున్న పెద్ద రాయి మీద చెయ్యి వేసేసరికి దగ్గరికి వచ్చింది.

“అది వద్దు. దాంట్లో పురుగులుంటాయి, బయటికి తీస్తే చచ్చిపోతాయి.”

“నత్తలే బతకలేదు, పురుగులు ఉంటాయా?” అన్నాను.

రాయి ఎత్తాను. వెనకవైపు బొరియలో నైలాను దారంతో కట్టి ఏదో ఉంది. దారం లాగితే అరచేతిలోకి వచ్చింది. ఈల. ఆటల్లో ఊదే ఇత్తడి ఈల. పైపూత ఎప్పుడో పోయి, ఒంటినిండా పచ్చటి చిలుము పెట్టి ఉంది.

పిల్ల నేలమీద నీళ్ళలోనే కూర్చుండిపోయింది. అమ్మది, అంది. తరవాత ఆపకుండా చెప్పింది. నేను వస్తున్నానని తెలిసిన వారంలోనే మేనత్త వచ్చి, ఇంట్లో ఉన్న తల్లి వస్తువులన్నీ మూటలు కట్టి పంపేసిందట. బట్టలు, బూట్లు, కప్పులు, పతకాలు, చివరికి దువ్వెన కూడా. కాలేజీనుంచి వచ్చి చూస్తే బీరువా ఖాళీ. ఈల తన బ్యాగులో ఉంది కాబట్టి మిగిలింది. ఇంట్లో ఎక్కడ దాచినా అత్త సర్దేస్తుంది. తొట్టిలో మాత్రం ఎవరూ చెయ్యి పెట్టరు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు మూత తీసి, ఉందో లేదో వేళ్ళతో తడుముకునేదట.

“ఇది ఇత్తడి,” అన్నాను. “ఇత్తడిలో రాగే ఎక్కువ. ఉప్పునీళ్ళు దాన్ని రోజూ తింటున్నాయి.”

వెంటనే అర్థం కాలేదు. నా చేతిలోకి చూసింది, ఖాళీ తొట్టిలోకి చూసింది, బకెట్టులోకి చూసింది.

“అయితే నేనేనా?”

నీకు తెలియదు కదా అన్నాను. అంతకంటే మంచి మాట తోచలేదు. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నేను రాళ్ళు కడిగాను. నా నిర్దోషిత్వం నా అరచేతంత ఉంది, దాన్ని చూపిస్తే చాలు. కానీ ఆ పిల్ల వీపు చూస్తే చూపించాలనిపించలేదు. నాన్నకు చెప్తారా అని అడిగింది. చెప్పనన్నాను. కానీ మీ నాన్న నన్నొక మాట అడిగాడు, దానికి ఈ ఈల తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు, అందుకని నేను వెళ్తున్నాను అన్నాను. ఏమడిగారంది. చెప్పాను. ఈల తీసుకుని, బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బ్రష్షుతో తోముతున్న శబ్దం వినిపించింది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి వదిన కూడా వెంట వచ్చింది. ఊరినుంచి ఆ మధ్యాహ్నమే దిగిందట. తొట్టి ఖాళీగా ఉండడం, గోడవారన పెట్టె ఉండడం రెండూ ఒక్కచూపులో చూసేసింది.

“ఏమైనా దొరికిందా?” అన్నాడు ఆయన.

నేను జవాబిచ్చేలోపు వదిన అందుకుంది. దొరకడానికి అక్కడేముంటుంది, పోసినవాళ్ళు సీసా తొట్టిలో వదిలిపెడతారా, తన తమ్ముడు మెతకవాడు కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే మొదటి చేప పోయిన రోజునే తేల్చేసేవాళ్ళు, అని ఆవిడ చెప్పుకుపోతూ ఉంటే లోపలినుంచి ఈల మోగింది.

గలగలలాడే ఈల కాదు. లోపల తిరగాల్సిన బెండు ముక్క ఉప్పుకు బిగుసుకుపోయినట్టుంది. బొంగురుగా, ఒకే తీరుగా, ఊపిరి ఉన్నంతసేపూ మోగింది. వదిన మాట మధ్యలో ఆగిపోయింది. మా ఆయన ముఖం పాలిపోయింది. ఆ శబ్దం ఆయన ఎన్నేళ్ళు విన్నాడో నాకు తెలియదు.

పిల్ల ముందుగదిలోకి వచ్చి ఈల బల్లమీద పెట్టింది.

“ఇది తొట్టిలో పెట్టింది నేను. చేపలు దీనివల్ల చచ్చిపోయాయి. ఎవరూ ఏమీ పొయ్యలేదు.”

వదిన ఈల వంక చూసి, ఇది ఎక్కడిది, అన్నీ పంపేశాను కదా అంది. అని నాలిక కరుచుకుంది. పిల్ల ఆవిడ మీద విరుచుకుపడింది. మా అమ్మ వస్తువులు తియ్యడానికి నువ్వెవరు అంది. ఆ ఇంట్లో ఆ పిల్ల గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి. వదిన కూడా మొదటిసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“నేనెవర్నే తియ్యడానికి? మీ నాన్న ఫోను చేశాడు. ఆమె వచ్చేలోపు ఒక్కటీ కనబడకూడదన్నాడు. తను చెయ్యలేను, నువ్వే చెయ్యక్కా అన్నాడు. దువ్వెన పడెయ్యడానికి నాకేం సరదానా?”

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన నన్ను చూపించి, చూస్తే ఈమె బాధపడుతుందేమోనని, అన్నాడు.

“నేను అడగలేదు,” అన్నాను పిల్లతో.

“తెలుసు,” అంది.

అంతే జరిగింది. ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగలేదు. వదిన వెళ్తూ వెళ్తూ తాళంచెవి బల్లమీద ఈల పక్కన పెట్టి వెళ్ళింది. ఆయన బకెట్టు దగ్గర గొంతుకూర్చుని, గాలిబుడగలు వస్తున్నాయో లేదో చూస్తున్నట్టు తల వంచుకుని ఉండిపోయాడు.

ఆ రాత్రి నేను వెళ్ళలేదు. కెప్టెన్‌కు నీళ్ళు మార్చాలి, రాళ్ళు నానబెట్టాలి, పిల్ల ఒక్కతీ చెయ్యలేదు, అదీ నేను నాకు చెప్పుకున్న కారణం. పెట్టె మాత్రం విప్పలేదు. రోజూ అందులోంచి ఒక జత బట్టలు తీసుకుని, ఉతికి, మళ్ళీ అందులోనే పెట్టేదాన్ని. ఆయన చూసేవాడు. మధ్యలో రెండుమూడుసార్లు ఏదో చెప్పబోయి మోటారు గురించి మాట్లాడాడు. ఆ వస్తువులు పంపిన చోటల్లా అడిగి వచ్చాడని తరవాత తెలిసింది. ఏమీ మిగల్లేదట.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆయన ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. మొదటిసారి ఆమెను ఆటస్థలంలో చూశాడట. బడిలో లిఫ్టు లేదు కానీ బెల్లు పాడైతే పిలిచారట. ఆమె బాస్కెట్‌బాల్ ఆడిస్తోందట.

“వాలీబాల్,” అంది పిల్ల కంచంలోంచి తల ఎత్తకుండా.

బాస్కెట్‌బాలే, నేను కళ్ళారా చూశాను అన్నాడు ఆయన. అమ్మ బాస్కెట్‌బాల్ ఎప్పుడు ఆడించింది అంది పిల్ల. ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి ఏ ఆటైనా సరే అని ఆయన ఒప్పుకున్నాడు. ఆమె అంత నిక్కచ్చి మనిషి అయ్యుండీ ఒక్క విషయంలో దొంగాట ఆడేదట. ఓడిపోయే జట్టువాళ్ళు తప్పు చేస్తే ఈల ఊదకుండా, బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగేదట. పిల్లలంతా కనిపెట్టేశారట. తాడు ఊడిపోయింది టీచర్ అని వాళ్ళే అరిచేవాళ్ళట.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఇద్దరూ నావైపు తిరిగారు. తరవాత పిల్ల కూడా నవ్వింది, అన్నం పొలమారేదాకా. ఆయన మంచినీళ్ళు అందించాడు. ఆమె గురించి నాకు ఎవరైనా చెప్పడం అదే మొదలు.

ఇంకా చెప్పండి అన్నాను.